పాత సీఆర్‌టీ ప్రొజెక్టర్: వెడల్పు, కన్వర్జెన్స్ సరిచేసుకునే పద్ధతి

మూడు కళ్ల ప్రొజెక్టర్, అంటే పాత టీవీల్లోలాంటి పిక్చర్ ట్యూబులు (సీఆర్‌టీలు) మూడు ఉండే ప్రొజెక్టర్, ఇంటికి తెచ్చుకున్నవాళ్లు మొదటి రాత్రే చేసే తప్పు ఒకటుంది. తెర వెడల్పు 8 అడుగులు, బొమ్మ 7 అడుగులే పడుతోంది. రిమోట్‌లో విడ్త్ అనే మాట కనబడుతుంది. ఇంకేం, నొక్కుతూ పోయి బొమ్మను తెర అంచులదాకా సాగదీస్తారు. హనుమకొండలో మా మేడమీది గదిలో నేనూ అదే చేశాను. ఒక ఆడిటోరియం తుక్కు కింద అమ్మేసిన 7 అంగుళాల ట్యూబుల మెషీన్ అది. మర్నాడు లెన్స్‌లోకి తొంగి చూస్తే ఆకుపచ్చ ట్యూబులో వెలుగు ఫాస్ఫర్ (ట్యూబు ముఖం లోపల వెలిగే పూత) అంచుదాకా పాకి, మూలల్లో గాజు పక్కలకు ఎక్కుతోంది. ఇంకో వారం అలాగే నడిపి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ ట్యూబులు ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు.

విడ్త్ అనేది ట్యూబు ముఖం మీద చూసి పెట్టుకోవలసిన కొలత. తెర మీద బొమ్మ చాలకపోతే ప్రొజెక్టర్ వెనక్కి జరగాలి. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగిలిన పని తేలికవుతుంది, కనీసం అర్థమవుతుంది.

లోపల జరిగేది

ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కో రంగుకు ఒక్కో ట్యూబు, ఒక్కో లెన్స్. మామూలు డిజిటల్ ప్రొజెక్టర్లకు ఉన్నట్టు వీటికి జూమ్ ఉండదు. ట్యూబు ముఖం మీద గీసిన వెలుగు చట్రాన్ని, అంటే రాస్టర్‌ను, లెన్స్ తెర మీదకు పెంచి పంపుతుంది. ఎంత పెంచుతుందో దూరం నిర్ణయిస్తుంది. అందుకే ప్రతి మోడల్ మాన్యువల్‌లోనూ తెర వెడల్పుకు ఎంత దూరం ఉండాలో పట్టిక ఇస్తారు. సోనీ అయినా బార్కో అయినా ఆ పట్టికను నమ్మండి, నాలాగా కంటి అంచనాను నమ్మకండి.

చాలా మెషీన్లలో ఆకుపచ్చ ట్యూబు నడుమ ఉంటుంది, అది తెరను సూటిగా చూస్తుంది. ఎరుపు, నీలం రెండు పక్కల నుంచి ఏటవాలుగా చూస్తాయి. ఏటవాలుగా పడిన బొమ్మ దీర్ఘచతురస్రంగా ఉండదు, ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి అవుతుంది. ఆ రెండింటినీ ఆకుపచ్చ మీద అచ్చుగుద్దినట్టు కూర్చోబెట్టడమే కన్వర్జెన్స్. ఇక్కడ తెలుసుకోవలసిన ఇంకో సంగతి ఉంది. సాధారణంగా అసలు విడ్త్ మూడు ట్యూబులకూ ఉమ్మడి. ట్యూబు ట్యూబుకూ ఉండే చిన్న తేడాలను సరిదిద్దేవి యోక్ (ఎలక్ట్రాన్ పుంజాన్ని వంచి బొమ్మ గీయించే తీగచుట్ట) వెనక ఉండే చిన్న కన్వర్జెన్స్ కాయిళ్లు. వాటి బలం తక్కువ. పెద్ద తప్పును వాటి నెత్తిన రుద్దితే కన్వర్జెన్స్ యాంప్లిఫయర్ వేడెక్కిపోతుంది. కాబట్టి చేత్తో జరపగలిగినవన్నీ ముందు జరపాలి, రిమోట్ తరవాత.

మూత తీసే ముందు

ట్యూబు ఆనోడ్ మీద 30,000 వోల్టులు, కొన్నింటిలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. స్విచ్ ఆపినా ట్యూబు ఆ చార్జిని దాచుకుంటుంది. టీవీ మెకానిక్ పని తెలియనివాళ్లు మూత లోపల చేయి పెట్టవద్దు. తెలిసినవాళ్లు కూడా ఉంగరాలు, గడియారం తీసేసి, ఒక చేయి జేబులో పెట్టుకుని పని చేయాలి. ఇంటి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ముందే చూపించుకోండి. పాత ఇళ్లలో మూడో పిన్నుకు తీగే ఉండదు.

ట్యూబు ముందు చల్లదనం కోసం గ్లైకాల్ కలిసిన ద్రవం పోసి ఉంటుంది. లెన్స్ కింద జిగట మరక కనిపిస్తే ఆ రోజుకు పని ఆపండి. అది విషం, పైగా బోర్డుల మీద పడితే షార్టు చేస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో మరీ జాగ్రత్త.

బరువు సంగతి చెప్పాలా? ఈ మెషీన్లు 50 కిలోల నుంచి 100 కిలోల పైదాకా ఉంటాయి. ఫ్యాను కొక్కేనికి వేలాడదీస్తానన్న మిత్రుడొకరు కరీంనగర్‌లో ఉన్నారు. ఆయన్ను ఆపడానికి నేను బస్సెక్కి వెళ్లాల్సి వచ్చింది.

గంటసేపు వేడెక్కనివ్వండి

చల్లగా ఉన్న మెషీన్ మీద చేసిన కన్వర్జెన్స్ నీటి మీద రాత. కాయిళ్లు, యాంప్లిఫయర్లు వేడెక్కే కొద్దీ గీతలు జరుగుతాయి. మొదటిసారి పది నిమిషాలకే మొదలుపెట్టి రెండు గంటలు కష్టపడ్డాను. భోజనం చేసి వచ్చేసరికి ఎరుపు గీతలు ఆకుపచ్చ పక్కన నిలబడి నన్ను చూస్తున్నాయి. ఇప్పుడు కదిలే బొమ్మ ఏదైనా వేసి కనీసం గంట వదిలేస్తాను. అమరిక చూసుకోవడానికి వేసే కదలని గళ్ల బొమ్మ (టెస్ట్ ప్యాటర్న్) మాత్రం వేసి వదలకండి, ఫాస్ఫర్ మీద ఆ గళ్లు శాశ్వతంగా అచ్చుపడతాయి. సరిదిద్దే సమయంలో కూడా కాంట్రాస్ట్ తగ్గించే ఉంచండి. గీతలు సన్నబడతాయి, ట్యూబు బతుకుతుంది.

మే నెలలో ఇక్కడ ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది. డాబా కింద గది కుంపటిలా ఉంటుంది. జనవరిలో చేసిన అమరిక అప్పుడు కాస్త తప్పుతుంది. సినిమా చూసే వేళకు గది ఎంత వేడిగా ఉంటుందో అంత వేడిలోనే పని చేయండి.

తెర, దారాలు

8 అడుగుల వెడల్పున్న 16:9 తెర ఎత్తు 4.5 అడుగులు. వెడల్పులో 4 అడుగుల దగ్గర నిలువుగా ఒక దారం, ఎత్తులో 2 అడుగుల 3 అంగుళాల దగ్గర అడ్డంగా ఒక దారం బిగించి కట్టండి. నాలుగు అంచులకూ కట్టుకుంటే ఇంకా మంచిది. టేపుతో మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. అవి సమానంగా లేకపోతే తెర చట్రమే వంకర.

మా వాడలో కొత్తవాడ నుంచి వచ్చి స్థిరపడిన నేత కాకా ఒకాయన ఉన్నారు, జీవితమంతా జంపఖానాలు నేసినవారు. దారాలు ఆయన దగ్గరే తెచ్చుకున్నాను. గళ్ల బొమ్మ పడుతుంటే చూడ్డానికి వచ్చారు. "కాకా, ఈ గీత సూటిగా ఉందా?" అని అడిగాను. దారాన్ని వేలితో ఒకసారి మీటి, "గీత సూటిగానే ఉంది బిడ్డా, నీ తెరే నడుమ కుంగింది" అన్నారు. నిజమే. అరగంట నుంచి నేను రిమోట్‌తో పోట్లాడుతున్నది పై కర్ర వంగినందుకు.

తెర సరిగ్గా ఉందని తేలాక ఆకుపచ్చ లెన్స్ నడిమధ్య తెర నిలువు దారానికి ఎదురుగా ఉండాలి. లెన్స్ నుంచి తెర ఎడమ పై మూలకు, కుడి పై మూలకు దారం పట్టి చూస్తే రెండు పొడవులూ ఒక్కటి కావాలి. అర అంగుళం తేడా ఉన్నా మెషీన్‌నే జరపండి. ఇక్కడ మిగిల్చిన ప్రతి అర అంగుళాన్నీ తరవాత కన్వర్జెన్స్ కాయిళ్లు మోయాలి.

స్పీకర్లను ప్రొజెక్టర్ పక్క నుంచి తీసేయండి. వాటి అయస్కాంతాలు ఎలక్ట్రాన్ పుంజాన్ని లాగుతాయి. భూమి అయస్కాంత క్షేత్రం కూడా లాగుతుంది కాబట్టి మెషీన్‌ను ఉత్తరం నుంచి తూర్పుకు తిప్పి పెట్టినా అమరిక మారుతుంది. ఎక్కడ ఉంచాలో అక్కడే ఉంచి పని మొదలుపెట్టండి.

ఫోకస్ ముందు, గీతలు తరవాత

దీన్ని క్లుప్తంగా చెబుతాను. ముందు రిమోట్‌లోని ఎలక్ట్రానిక్ ఫోకస్, తరవాత లెన్స్ మీద ఉన్న రెండు మరలు. ఒకటి నడిమికి, ఒకటి అంచులకు. రెండింటి మధ్య నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరగాలి. ఎడమ అంచు పదునుగా ఉండి కుడి అంచు మసకగా ఉంటే లెన్స్ పలక తెరకు తగిన కోణంలో లేదని అర్థం. దాని మరలను కొద్దికొద్దిగా సడలించి వంపు సరిచేయాలి. లెన్స్ ఫోకస్ తిప్పితే బొమ్మ పరిమాణం కాస్త మారుతుంది. కన్వర్జెన్స్ అయ్యాక ఫోకస్ ముట్టుకుంటే పని మళ్లీ మొదటికి వస్తుంది.

నీలాన్ని కాస్త మసకగా ఉంచడం పాతకాలం నుంచి ఉన్న అలవాటే. నీలం ఫాస్ఫర్ మీద పుంజం మరీ సన్నగా గుచ్చుకుంటే వెలుగు తగ్గినట్టవుతుంది, తెలుపు పసుపు రంగుకు తిరుగుతుంది. అమరిక చేస్తున్నంతసేపు మాత్రం దాన్నీ పదునుగానే ఉంచుకోండి.

వెడల్పు

ఇక అసలు పని. మీరు రోజూ చూడబోయే సిగ్నల్‌నే ఇచ్చి, దాని మీదే గళ్ల బొమ్మ తెప్పించండి. అడ్డగీతలు గీసే వేగం లెక్కన పాత పాల్ (PAL) టీవీ వీడియో 15.625 కిలోహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, 60 హెర్ట్జ్ 720పి 45 దగ్గర, 1080పి 67.5 దగ్గర. ఒక్కో పౌనఃపున్యానికి విడ్త్ వేరుగా ఉంటుంది, మెమరీ కూడా వేరుగా దాచుకోవాలి. ఒకదాని మీద సరిచేసి ఇంకొకటి కూడా సరిపోతుందనుకుంటే కుదరదు. మీ మెషీన్ 67.5 అందుకోలేకపోతే దాన్ని బలవంతపెట్టవద్దు. 720పి మీద హాయిగా నడిచే 7 అంగుళాల ట్యూబు, 1080పి మీద ఆయాసపడే ట్యూబుకన్నా మంచి బొమ్మ ఇస్తుంది.

ఎరుపు, నీలం ఆపేసి ఆకుపచ్చ ఒక్కటే ఉంచండి. కాంట్రాస్ట్ బాగా తగ్గించి, బ్రైట్‌నెస్ కాస్త పెంచండి. బొమ్మ చుట్టూ మసక వెలుగుతో రాస్టర్ మొత్తం కనబడుతుంది. ఇక్కడ రెండు సెట్టింగులు చూడ్డానికి ఒకేలా ఉండి తికమక పెడతాయి. ఫేజ్ తిప్పితే రాస్టర్ లోపల బొమ్మ మాత్రమే జరుగుతుంది. షిఫ్ట్ తిప్పితే రాస్టరే జరుగుతుంది. ముందు ఫేజ్‌తో బొమ్మను రాస్టర్ నడుమకు తెచ్చుకోండి. ఆ తరవాత లెన్స్ పక్క నుంచి ట్యూబు ముఖాన్ని చూస్తూ రాస్టర్‌ను ఫాస్ఫర్ నడుమకు తీసుకురండి. దీనికి ట్యూబు మెడ మీద సెంటరింగ్ అయస్కాంతపు రింగులు ఉంటాయి. షిఫ్ట్‌ను సున్నా దగ్గర ఉంచి రింగులతో నడిమికి తెచ్చుకోవడం సరైన దారి. అదే దగ్గరలో ఉండే మిగతా రింగులు చుక్క గుండ్రదనానికి సంబంధించినవి, వాటి జోలికి వెళ్లకండి.

బొమ్మ మొత్తం ఒక పక్కకు ఒరిగి ఉంటే యోక్ తిరిగి ఉన్నట్టు. కరెంటు ఆపి, యోక్ బిగింపును వదులు చేసి, వెంట్రుకవాసి తిప్పి, బిగించి, మళ్లీ వేసి చూడండి. నాలుగుసార్లు ఆపి వేయడం విసుగే. చేయి పెట్టే చోటు ఎలాంటిదో గుర్తు చేసుకుంటే విసుగు పోతుంది.

ఇప్పుడు విడ్త్. ట్యూబు ముఖాన్ని చూస్తూ పెంచుతూ పోండి. ఫాస్ఫర్ అంచుకు ఎడమా కుడీ 5 మిల్లీమీటర్ల దాకా ఖాళీ మిగలగానే ఆపండి. ఇది నేను పెట్టుకున్న లెక్క. అంతకన్నా తక్కువ వెడల్పు వాడితే అదే వెలుగంతా చిన్న జాగాలో దట్టంగా పడి ఫాస్ఫర్ త్వరగా అరుగుతుంది, సన్నని వివరాలు కూడా పోతాయి. ఎక్కువ వాడితే నా మొదటి రాత్రి కథే. ఇప్పుడు తెర వైపు తిరిగి చూడండి. బొమ్మ తెరకన్నా చిన్నదైతే మెషీన్ వెనక్కి, పెద్దదైతే ముందుకు జరగాలి. జరిపినప్పుడల్లా ఫోకస్ మళ్లీ చూసుకోవాలి. ఈ మాట విని చాలామంది మొహం చిట్లిస్తారు. సీలింగుకు బిగించేశాక చదివితే నేనూ చిట్లించేవాణ్నే. అందుకే చెబుతున్నాను, ముందు బల్ల మీద పెట్టి దూరం తేల్చుకోండి, స్లాబుకు రంధ్రాలు ఆ తరవాత.

ట్యూబులు 4:3 కాలానివి. అదే వెడల్పు ఉంచి 16:9 బొమ్మ వేస్తే ఎత్తులో మూడు వంతులే, అంటే 75 శాతమే వాడకంలో ఉంటుంది. మీ మెషీన్ ఇంతకుముందు ఏళ్లతరబడి 4:3 మీద నడిచి ఉంటే, ఫాస్ఫర్ మీద పాత చట్రం గుర్తు గోధుమ రంగులో కనబడుతుంది. కొత్త రాస్టర్ ఆ గీతను దాటితే, అరిగిన చోటుకూ అరగని చోటుకూ మధ్య వెలుగు తేడా తెర మీద స్పష్టంగా తెలుస్తుంది. అలాంటప్పుడు పాత గీత లోపలే ఉండేలా విడ్త్ కాస్త తగ్గించుకోవడం తెలివైన పని, 5 మిల్లీమీటర్ల నియమాన్ని పక్కనపెట్టి అయినా సరే.

విడ్త్ ఎంత పెంచినా చాలకపోతే అది అమరిక లోపం కాదు, రిపేరు పని. లైన్ స్టేజికి (పుంజాన్ని అడ్డంగా నడిపే సర్క్యూట్‌కు) వచ్చే సప్లై వోల్టేజి పడిపోయినా, ఎండిపోయిన కెపాసిటర్లు ఉన్నా రెండు పక్కలా సమానంగా కుంచించుకుపోతుంది. బొమ్మ మరీ వెడల్పయి, నిలువు అంచులు విల్లులా వంగితే ఆ వంపును, అంటే అడ్డం పిన్‌కుషన్‌ను సరిదిద్దే సర్క్యూట్ చచ్చిపోయింది. తెల్లని దృశ్యం వచ్చినప్పుడల్లా బొమ్మ ఉబ్బి, చీకటి రాగానే తగ్గుతుంటే ఈహెచ్‌టీ (ఆనోడ్‌కు వెళ్లే అధిక వోల్టేజి) నిలకడగా లేదు. వోల్టేజి తగ్గితే ఎలక్ట్రాన్ల వేగం తగ్గుతుంది, వేగం తగ్గిన పుంజం అదే యోక్‌కు ఎక్కువ వంగుతుంది, అందుకే ఉబ్బడం. ఈ మూడింట్లో ఏది ఉన్నా కన్వర్జెన్స్ జోలికి వెళ్లడం వృథా.

ఆకుపచ్చను దారాల మీదకు తేవడం

నడిమి అడ్డగీత, నడిమి నిలువుగీత దారాల మీద ఉన్నాయా? అవి అయ్యాక అంచులు, అంచులు అయ్యాక మూలలు. గళ్లు ఎడమ పక్క వెడల్పుగా, కుడి పక్క ఇరుకుగా ఉంటే లీనియారిటీ తిప్పండి. టేపు పెట్టి గడి గడికీ కొలవడం సిగ్గుపడాల్సిన పని కాదు. ఆకుపచ్చ పని ముగిశాక దాన్ని మళ్లీ తాకకూడదు. మిగిలిన రెండు రంగులకూ అదే కొలబద్ద.

ఎరుపు, తరవాత నీలం

ఆకుపచ్చతోపాటు ఎరుపు వెలిగించండి. రెండూ కలిసినచోట గీత పసుపుగా ఉంటుంది. మొదట నడిమి కూడలిని, ఆ రంగు బొమ్మనంతా ఒకేసారి జరిపే స్టాటిక్‌తో కలపండి. స్టాటిక్‌ను చాలా దూరం జరపాల్సి వస్తుంటే ఆగండి, ఎరుపు ట్యూబు లోపలికి తిరిగిన కోణం తప్పుగా ఉంది. కొన్ని మెషీన్లలో తెర పరిమాణాన్ని బట్టి ఆ కోణం మార్చుకునే ఏర్పాటు ఉంటుంది.

నడుమ కలిశాక తొందరపడి మూలలకు పరుగెత్తకండి. తప్పు ఏ ఆకారంలో ఉందో చదవడం నేర్చుకోవాలి, సగం విద్య అందులోనే ఉంది. నడిమి అడ్డగీత వెంబడి ఎడమకూ కుడికీ నడవండి. ఎడమ చివర ఎరుపు ఎడమకు, కుడి చివర కుడికి జరిగి ఉంటే ఎరుపు సైజు ఎక్కువైంది. రెండు చివర్లా ఒకే వైపుకు, ఉదాహరణకు రెండు చోట్లా కుడికే, జరిగి ఉంటే అది లీనియారిటీ తప్పు. ఏటవాలుగా చూసే ట్యూబుకు ఇది సహజంగా వచ్చే తప్పు కాబట్టి ఎరుపు, నీలంలో తప్పక ఎదురవుతుంది, రెండింటిలో ఎదురుదిశల్లో. అడ్డగీత ఒక చివర పైకి, ఇంకో చివర కిందికి పోతే స్క్యూ. రెండు చివర్లూ పైకే లేచి నడుమ కుంగితే బో.

ఇవి సరిచేశాక నిలువుగీత మీద ఇదే వరస. అప్పుడు అంచుల నిలువుగీతలు చూడండి. పైన ఎడంగా, కింద దగ్గరగా ఉంటే కీస్టోన్. నడుమ లోపలికి నొక్కుకుని మూలలు బయటికి పొడుచుకొస్తే పిన్‌కుషన్. ఒకటి తిప్పితే ఇంకొకటి కాస్త కదులుతుంది, అందుకే మొత్తం చుట్టు రెండు మూడుసార్లు తిరగాలి. మొదటి చుట్టులోనే తుది మెరుగు కోసం తాపత్రయపడితే రాత్రి తెల్లారుతుంది.

తెరను భాగాలుగా చేసి ఒక్కోదాన్ని విడిగా సరిదిద్దే జోన్ సర్దుబాట్లు ఉన్న మెషీన్ అయితే అవి చిట్టచివర, అదీ పిసరంత. మూలలో అర అంగుళం తప్పును జోన్‌తో లాగితే పక్క గడి వంకరపోతుంది. అంత తప్పు మిగిలిందంటే కీస్టోన్ దగ్గర ఏదో వదిలేశారు.

ఎరుపు ఆపి నీలం వెలిగించి అదే క్రమం. నీలం మీద కంటికి పట్టు తక్కువ, ఆకుపచ్చ పక్కన అది కలిసిందో లేదో దూరం నుంచి తేలదు. తెరకు 2 అడుగుల దగ్గరికి వెళ్లి చూడండి, ఇంకొకరు రిమోట్ నొక్కాలి. చివర మూడూ వెలిగిస్తే గీతలు తెల్లగా ఉండాలి. మూలల్లో గీత మందంలో సగం మేర రంగు అంచు కనిపించినా నేను వదిలేస్తాను. కూర్చునే చోటు నుంచి చూస్తే అది కనబడదు. తెరకు ముక్కు ఆనించి సినిమా చూసేవాళ్లు లేరు కదా.

దాచుకోవడం

మెమరీలో భద్రపరచండి. తరవాత మెషీన్‌ను ఆపి, రెండు గంటలు చల్లారనిచ్చి, మళ్లీ గంట వేడెక్కించి చూడండి. నడిమి కూడలి మాత్రమే కదిలి ఉంటే స్టాటిక్ ఒక్కటి తాకితే చాలు. వారం తరవాత ఇంకోసారి ఇలాగే చూసుకుంటే ఎండాకాలం దాకా దాని జోలికి వెళ్లే అవసరం రాదు. వీధిలో బోరు మోటారు వేసినప్పుడల్లా బల్బులు మసకబారే ఇల్లయితే స్టెబిలైజర్ పెట్టండి.

కొన్ని పాత మెషీన్లు ఈ అంకెలన్నీ బోర్డు మీది చిన్న బ్యాటరీ ఆధారంగా దాచుకుంటాయి. అది ఎండిపోయిన రోజున మీ రెండు రాత్రుల శ్రమ మాయమవుతుంది. అందుకని ప్రతి సిగ్నల్‌కూ ఫేజ్, విడ్త్, ఎరుపు నీలాల అంకెలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. నాది 40 పేజీల బడి నోటుపుస్తకం, ప్రొజెక్టర్ మూత మీదే దారంతో కట్టి ఉంటుంది. తెర నుంచి విప్పిన దారాలే అవి.